గర్భసంచి జారుటకు చేసిన చికిత్సలు: ఒక చారిత్రక పరిశీలన

నూజివీడు మామిడి తోటల గ్రామములలో సంఘ దర్శనమునకు వెళ్లునప్పుడు, కోతల కాలములో కాయల బుట్టలు మోయు స్త్రీలను మేము చూచుచుందుము. వారిలో నడుము నొప్పికని ప్రార్థన కోరువారు కలరు. గర్భసంచి జారినదని మాత్రము మాతో చెప్పరు. ఏండ్ల తరబడి దాచి, చివరకు పాస్టరమ్మగారి చెవిలో చెప్పుకొందురు. పలు కాన్పులు, కష్టమైన కాన్పు, బరువు పని, పైబడిన వయస్సు దీనికి ముఖ్య కారణములు.

ఈ వ్యాధికి చికిత్స అతి ప్రాచీనమైనది. జారిన భాగమునకు నేయి పూసి, పాలతో కాపడము పెట్టి, లోనికి చేర్చి, వేసవారమను మాంసపు ముద్ద ఉంచి కట్టు కట్టవలెనని సుశ్రుత సంహిత ఉత్తరతంత్రము చెప్పుచున్నది. గ్రీకుల హిప్పోక్రతీయ గ్రంథములలో సగము దానిమ్మకాయను ఆనుగా ఉంచుట కలదు. స్త్రీని నిచ్చెనకు తలక్రిందులుగా కట్టి కుదుపుటయు కలదు. క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు సొరానస్ ఈ క్రూర పద్ధతిని నిరాకరించి, తడిపిన ఉన్నిని ఆనుగా వాడెను. 19వ శతాబ్దములో రబ్బరు రింగులు వచ్చెను. 1877లో ఫ్రాన్సులో లెఫోర్, 1888లో మాంచెస్టరులో డొనాల్డ్ తమ శస్త్రచికిత్సలను ప్రవేశపెట్టిరి. 1948లో అమెరికా వైద్యుడు కేగెల్ కటి కండరముల వ్యాయామమును ప్రచురించెను. బొంబాయిలో డా. శిరోడ్కర్ గర్భసంచిని తీసివేయక పైకి నిలుపు శస్త్రచికిత్సను రూపొందించెను.

అయితే చికిత్స ఉండుట వేరు, స్త్రీకి అది అందుట వేరు. పురుష వైద్యునికి చూపుటకు మన స్త్రీలు వెనుకాడుచుండిరి. 1883లో గుంటూరుకు వచ్చిన డా. అన్నా కుగ్లర్ 1898లో స్త్రీల కొరకు ఆసుపత్రి తెరచుటలోని ప్రాముఖ్యము ఇక్కడనే కలదు.

నేడు మరియొక అపాయము కలదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట 3.2 శాతము కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతము. వీటికి కారణములు పలు విధములు. అనవసరముగా గర్భసంచి తీయుటను అరికట్టవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించెను. జారిన ప్రతి గర్భసంచిని తీయవలసిన పని లేదు. వ్యాయామము, రింగు కొందరికి చాలును.

పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడి, జనసమూహములో వెనుక నుండి వచ్చిన స్త్రీని ప్రభువు సిగ్గుపరచలేదు. కావున సేవకులమైన మనము ప్రార్థనతో ఆగక, స్త్రీల కూడికలలో ఈ మాట నిస్సంకోచముగా చెప్పించి, లేడీ డాక్టరు యొద్దకు వారిని పంపవలెను. మౌనము వలన కలిగిన బాధను మాటయే మొదట తగ్గించును.