అమరావతి శిలలు – వాని పేళ్లు



ఒక యూరిలో వెంకటసుబ్బయ్యలు నలుగురున్నచో ఇంటిపేరు చేర్చి పిలుతుము. ఇంటిపేరును కలిసినచో తండ్రిపేరును చేర్చుదుము. దస్తావేజులో పొలమునకు సర్వేనంబరును, నాలుగు వైపుల హద్దులును వ్రాయింతుము. పేరొక్కటే చాలదని మన పెద్దలకు తెలియును. ఈ తెలివియే నేడొక క్రొత్త పనికి కావలసివచ్చినది.

2004లో ప్రారంభమైన వికీమీడియా కామన్స్ అను అంతర్జాల చిత్రభాండారమున ఎవరైనను చిత్రము నుంచవచ్చును. ఏ పేరుగల వర్గమున నుంచిరో, ఆ పేరుతో వెదకినవారికి అది సులభముగా దొరకును. పేరు చెడినచో చిత్రముండియు లేనట్లే.

దీనికి మన అమరావతీ స్తూపమే ఉదాహరణము. పదునెనిమిదవ శతాబ్ది చివర కాలిన్ మెకంజీ దానిని చూచెను. 1816లో మరల వచ్చి శిలలకు పటములు వ్రాయించెను. అప్పటికే పెక్కు శిలలు ఇండ్లకును సున్నపు బట్టీలకును పోయినవి. 1845లో వాల్టర్ ఎలియటు త్రవ్వించి మదరాసునకు చేర్చెను. వానిలో 121 శిలలు 1859లో లండను నగరమునకు పోయి, 1880లో బ్రిటిష్ మ్యూజియమున చేరినవి. 1877లో సూయెలును, 1881లో బర్జెస్సును త్రవ్వించిరి. నేడా యొక్క స్తూపము చెన్నపురియందు, లండనునందు, కలకత్తాయందు, అమరావతియందు చీలియున్నది. శిలలను మరల కూర్చుట మన చేతిలో లేదు. చిత్రములను కూర్చుట మాత్రమున్నది. పేళ్లు సరిపడనిచో అదియు పోవును.

తర్కశాస్త్రమున లక్షణమునకు మూడు దోషములు చెప్పుదురు. కొమ్ములు గలది గోవన్నచో గేదెకును పట్టును, అది అతివ్యాప్తి. కపిలవర్ణము గలది గోవన్నచో తెల్లని మన ఒంగోలు ఆవు తప్పిపోవును, అది అవ్యాప్తి. ఒంటిగిట్ట గలది గోవన్నచో ఏ గోవునకును పట్టదు, అది అసంభవము. ఈ శిలల పేళ్లలో మూడును కలవు.

“అమరావతి” యని మాత్రము వ్రాసినచో అతివ్యాప్తి. ఇంద్రుని పట్టణమునకును, మహారాష్ట్రమందలి నగరమునకును, 2015లో శంకుస్థాపన జరిగిన రాజధానికిని ఆ పేరే కలదు. జిల్లా పేరొక్కటియు చాలదు. స్తూపమున్న యూరు 2022 వరకు గుంటూరు జిల్లాలో నుండి, ఇప్పుడు పల్నాడు జిల్లాలో నున్నది. ఒంగోలును 1970 వరకు గుంటూరు జిల్లాలోనిదే గదా!

ఈ శిలలకు “ఎలియటు మార్బుల్స్” అను పేరొకటి వాడుకలోనికి వచ్చెను. ఎలియటు పేరు అవ్యాప్తి. సూయెలు, బర్జెస్సు త్రవ్వించినవి అందులోనికి రావు. మార్బుల్ అనగా చలువరాయి. ఇది అసంభవము, ఆ శిలలు మన పలనాటి సున్నపురాళ్లు.

కావున పేరు పెట్టువారు ఊరు, కట్టడము, అందలి భాగము వేరువేరుగా చెప్పవలెను: “అమరావతీ స్తూపము, ప్రాకారము” అనియో, “అమరావతీ స్తూపము, అండము” అనియో. ఆ శిల నేడున్న వస్తుప్రదర్శనశాల పేరును, అచ్చటి సంఖ్యను తప్పక చేర్చవలెను. ఆ సంఖ్య సర్వేనంబరు వంటిది. రెండు శిలల కొక్కటి యుండదు. దొరికిన చోటు తెలియనిచో “తెలియదు” అని వ్రాయుటయే మర్యాద. నాగార్జునకొండ శిల్పములును ఇట్టి రాతివే, దాదాపుగా ఇట్టి పనివే. ఊహించి వ్రాసినది ఒకరినిచూచి యొకరు ఎత్తి వ్రాయగా సిద్ధాంతమై కూర్చుండును.

ఇంకొక చిక్కు కలదు. ఒక వస్తువునకే పెక్కు పేళ్లుండుట. శాసనములలో ధాన్యకటకము, ఊరివారి నోట ధరణికోట, ఆ దిబ్బకు దీపాలదిన్నె. ఇవి యన్నియు విడువరానివే. ఒక పేరును ముఖ్యముగా నుంచి, తక్కినవి దానికి దారి చూపునట్లు చేయవలెను.

మీ యిండ్లలోని పిల్లలు చేతిఫోనుతో గుడిని, దిబ్బను, వీరగల్లును చిత్రించుచున్నారు. ఆ దిబ్బ పాతపేరేమో, ఆ రాయి ఏ పొలమునుండి వచ్చెనో వారికి తెలియదు, మీకు తెలియును. చిత్రము వారు తీయుదురు గాక, పేరు మీరు చెప్పుడు. మీరు చెప్పని పేరు తరువాత చెప్పువారుండరు.