దుర్గం చెరువు: మట్టి గొట్టాల నుంచి కంప్యూటర్ తెర దాకా

గోల్కొండ కోటకు కుతుబ్ షాహీల కాలంలో తాగునీరిచ్చిన వనరుల్లో దుర్గం చెరువు ఒకటి. రాయదుర్గం, మాదాపూర్ గుట్టల నడుమ నిలిచిన నీరు మట్టి గొట్టాల గుండా కోట వైపు పారేది. కోటలో మెట్టుమెట్టుగా దాన్ని పర్షియన్ చక్రాలు పైకి ఎక్కించేవి. 1687లో కోట ఔరంగజేబు వశమైంది. చెరువు బండరాళ్ల చాటునే ఉండిపోయింది. ‘సీక్రెట్ లేక్’ అన్న పేరు దానికి అలా వచ్చిందే.

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ నగరం దాహాన్ని ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) తీర్చాయి. ఆ రెండింటి రక్షణకు 1996లో 111 జీవో చుట్టూ 10 కిలోమీటర్ల మేర ఆంక్షలు పెట్టింది. దుర్గం చెరువుకు అలాంటి కంచె దొరకలేదు. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో ఐటీ కార్యాలయాల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆఫీసులు, కాలనీలు గుట్టలెక్కాయి. వాటి మురుగు పల్లం వెతుక్కుంటూ చెరువులోకి దిగింది.

మురుగులోని నత్రజని, భాస్వరం గుర్రపుడెక్క అనే నీటి కలుపుకు ఎరువు. సేంద్రియ వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను తినేస్తాయి. చేపల పెంపకానికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఆక్సిజన్ పడిపోతున్న సంగతి గట్టున నిలబడ్డవారికి కనిపించదు. 2020లో చెరువు మీద తీగల వంతెన వచ్చాక అక్కడికి జనం వెలుగులు చూడటానికి వస్తున్నారు. రోజుకు 70 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం 2023లో మొదలైంది. చెరువుకు అసలు మేలు దానితోనే.

ఇలా ఆక్సిజన్ పడిపోవడం లాంటి, కంటికి కనిపించని మార్పులను చూపడానికి వర్చువల్ రియాలిటీ పనికొస్తుంది. చెరువును చిన్నచిన్న గడులుగా విడదీసి, ఒక్కో గడిలోకి వచ్చే నీరు, వ్యర్థం, ఆక్సిజన్‌లను కంప్యూటర్ లెక్కగడుతుంది. హెడ్‌సెట్ పెట్టుకున్న ఇంజినీరుకు ఆ లెక్కలే రంగులుగా కనిపిస్తాయి. ఒక నాలాను మళ్లిస్తే, శుద్ధి కేంద్రం ఒకరోజు ఆగిపోతే ఏమవుతుందో పని మొదలుపెట్టకముందే చూడవచ్చు. పైపుల నీటికి ఇలాంటి లెక్క కట్టే ఈపానెట్‌ను అమెరికా పర్యావరణ సంస్థ 1993లోనే విడుదల చేసింది. ఇలాంటి లెక్కలకు కావాల్సిన కొలతలు సెన్సర్లు ఇవ్వగలవు: గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ తన క్యాంపస్‌లో నీటి నాణ్యతను సెన్సర్లతో గమనిస్తోంది.

పల్లెచెరువుల్లో తూము, అలుగు, కట్ట తీరు చెరువు నీటిని చూసుకునే నీరటికి కంఠతా తెలిసేది. ఆ ఎరుక స్థానంలో కంప్యూటర్‌కు అంకెలు కావాలి. ఏ నాలా నుంచి ఎంత మురుగు దిగుతోందో తెలియకపోతే హెడ్‌సెట్‌లో కనిపించే రంగులు ఉత్త బొమ్మలే. అందుకే ఇలాంటి నమూనా పని నాలా మూతి దగ్గర కొలతతో మొదలవుతుంది.