గొంగడి, కర్ర, ఒక కెమెరా

ఇవాళ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో జానపద పాట తీయాలంటే డ్రోన్ ఉండాల్సిందే. వరిపొలాల మీదుగా ఒక షాట్, చెరువుకట్ట మీద స్లోమోషన్‌లో ఒక నడక, ఆ తర్వాతే పల్లవి. ఈ నేల మీద రాజుకున్న పోరాటపు పాట తెరకెక్కిన రోజుల్లో డ్రోన్లు లేవు సరే, ఆ సినిమాకు రంగులు కూడా లేవు.

1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అదే దేశ్‌ముఖ్‌కు పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అప్పటికే ఎదురు నిలిచింది. కొమరయ్య మరణంతో ఊళ్లు సాయుధ పోరాటంలోకి కదిలాయి. ఆ పోరులోంచే బండి యాదగిరి పాట ‘బండెనక బండి కట్టి’ పుట్టింది. నైజాం సర్కారునే ఎదురుగా నిలబెట్టి మాట్లాడే పాట అది.

మూడు దశాబ్దాలు దాటాక ‘మా భూమి’ వచ్చింది. 1980లో విడుదలైన ఆ సినిమాకు బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు. కెమెరా కమల్ నాయక్‌ది. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాల్ నుంచి వచ్చాడు. అంతకుముందు ‘హంగ్రీ ఆటమ్’ లాంటి డాక్యుమెంటరీలు తీసినవాడు, కథాచిత్రం తీయడం ఇదే మొదలు. ఆకలిని ఉన్నదున్నట్టు చూపడం అలవాటైన ఆ కన్ను తెలంగాణ పాటకు దొరకడం అదృష్టమే.

ఆ సినిమాలో ‘బండెనక బండి కట్టి’ పాడి ఆడింది ప్రజాగాయకుడు గద్దర్. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆ వేషం అప్పటికప్పుడు కుట్టించింది కాదు. గొల్లసుద్దులు చెప్పేవాళ్ల గొంగడి, కర్ర అవి. ఆ కళను సుద్దాల హనుమంతు పోరాట కాలంలోనే ప్రజల పక్షానికి తిప్పాడు. ఆయన ‘పల్లెటూరి పిల్లగాడ’ కూడా ఇదే సినిమాలో ఉంది. పశువులు కాసే పసివాడి మీద జాలితో మెల్లగా సాగే పాట అది. గద్దర్ పాట దానికి పూర్తిగా వేరు: ఒకడు అందుకుంటాడు, బృందం ఎత్తుకుంటుంది, అడుగు దరువుతో కలుస్తుంది.

నలుపు తెలుపుల్లో నల్ల గొంగడి, చెమట పట్టిన ఒళ్లు, మట్టి ఒకే లోకానివిగా కనిపిస్తాయి. పాటగాణ్ని ఊరి నుంచి విడదీసే మెరుపులేవీ అక్కడ లేవు. సెట్టు లేదు, డ్యూయెట్ పాటల్లోలా చరణానికో చీర మారదు. కోపమంతా మనిషి ఒంట్లోనే ఉంది, కెమెరా దానికి చోటిచ్చి పక్కకు జరిగింది. తెలుగు తెర మీద పాట చిత్రీకరణలో ఇంతటి సంయమనం అరుదు. హైదరాబాద్‌లో ఈ సినిమా మార్నింగ్ షోలతో ఏడాది పాటు ఆడింది.

2011లో ఎన్.శంకర్ ‘జై బోలో తెలంగాణ’ తీసినప్పుడు గద్దర్ మళ్లీ తెర మీదికి వచ్చాడు, ‘పొడుస్తున్న పొద్దు మీద’ పాటతో. ఈసారి రంగుల్లో.

2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లాలయ్యాయి. ఇప్పుడు అక్కడి కుర్రాళ్లు గింబల్‌తో, అరువు తెచ్చిన లెన్సుతో సొంత పాటలు తీసుకుంటున్నారు. పొలం అందంగానే వస్తోంది. కానీ డ్రోన్ పైకి లేచిందంటే పాడేవాడి ముఖం చుక్కంతయిపోతుంది, కోరస్ వాళ్లయితే ఫ్రేములోనే మిగలరు. పల్లవి ఎత్తుకునే ఆ నలుగురి గొంతులూ ముఖాలూ కలిస్తేనే ఈ ప్రాంతపు పాటకు బలం. కనీసం ఒక్క చరణమైనా వాళ్ల మధ్యే కెమెరా నిలిపి తీస్తే బాగుండు.