కొండమీద మూడు కుటీరాలు

శరదృతువు వచ్చిందంటే వాషింగ్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఈసారి ఆకుల రంగులు చూడటానికి ఎటు వెళ్తున్నారు?" చాలామంది జవాబు షెనండోవా జాతీయ ఉద్యానవనం. బ్లూ రిడ్జ్ కొండల వెన్నుమీదుగా 105 మైళ్ళు సాగే స్కైలైన్ డ్రైవ్ అనే దారి, దానికి అటూ ఇటూ అడవి. గుడారం వేసుకొనే ఓపిక నాకు లేదు. హోటలు గదిలో పడుకొంటే కొండకు వెళ్ళినట్టే ఉండదు. మధ్యేమార్గంగా క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక క్యాబిన్ తీసుకొందామనుకొన్నాను.

క్యాబిన్ ఎంచుకొనేవారు వేసుకొనే ప్రశ్నలనే నేనూ ఒక కాగితం మీద వ్రాసుకొన్నాను. స్నానాలగది లోపలే ఉన్నదా? మంచినీళ్ళు ఎక్కడివి? చలికి ఏమి ఏర్పాటు? వండుకోవచ్చునా? కారు ఎంతవరకు పోతుంది? వీటికి జవాబులు వెతకబోయి ఆ కొండ చరిత్రలోకి జారిపడ్డాను. అక్కడి మూడు కుటీరాల కథలను ఈ టపాలో చెప్పాలని ఉన్నది.

మొదటిది ర్యాపిడాన్ క్యాంపు. 1929లో అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ వారాంతపు విడిది కోసం స్థలం వెతకమని తనవారిని పురమాయిస్తూ మూడు షరతులు పెట్టాడు. రాజధానికి నూరు మైళ్ళ లోపు ఉండాలి. దోమలు చేరకుండా కనీసం 2500 అడుగుల ఎత్తున ఉండాలి. దగ్గరలో ట్రౌటు చేపలు దొరికే వాగు ఉండాలి. నా కాగితం మీది ప్రశ్నలకూ ఆయన షరతులకూ పెద్ద తేడా లేదు! రెండు వాగులు కలిసి ర్యాపిడాన్ నదిగా మారే చోట ఆ స్థలం దొరికింది. స్థలానికీ సామగ్రికీ ఆయన స్వంత డబ్బు పెట్టుకొన్నాడు, నౌకాదళపు మెరీన్లు కట్టిపెట్టారు. వైట్ హౌస్‌కు జోడుగా అధ్యక్షుడు దిగే కుటీరానికి 'బ్రౌన్ హౌస్' అని పేరు. ఆ అక్టోబరులోనే బ్రిటిషు ప్రధాని రామ్సే మెక్డొనాల్డ్ అక్కడికి వచ్చి, వాగు ఒడ్డున ఒక దుంగమీద కూర్చొని హూవర్‌తో యుద్ధనౌకల తగ్గింపు గురించి మాట్లాడాడు.

అదే సంవత్సరం ఆగస్టులో, హూవర్ పుట్టినరోజుకు, ఆ కొండల్లో ఉండే కుర్రవాడొకడు ఒపోసమ్ అనే జంతువును పట్టి కానుకగా తెచ్చాడు. మాటల్లో ఆ చుట్టుపట్ల బడే లేదని అధ్యక్షునికి తెలిసింది. 1930 ఫిబ్రవరిలో ఆయన పూనికతో అక్కడ ఒక బడి తెరిచారు. వినటానికి ముచ్చటైన కథ. కాని ఆ పిల్లలు అక్షరాలు నేర్చుకొంటున్న రోజులలోనే వారి ఇళ్ళను ఖాళీ చేయించే ఏర్పాట్లు నడుస్తున్నాయి.

రెండవ కుటీరం కథ అక్కడ మొదలవుతుంది. 1926లో అమెరికా కాంగ్రెసు ఈ ఉద్యానవనానికి అనుమతి ఇచ్చింది గాని, భూమి కొనటానికి కేంద్రం డబ్బు ఇవ్వలేదు. భూమిని సేకరించి అప్పగించే బాధ్యత వర్జీనియా రాష్ట్రానిది. వేలాది ఎకరాలు, ఎందరో యజమానులు. ఒక్కొక్కరితో బేరమాడటం అయ్యే పని కాదని 1928లో రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసి, భూములన్నిటినీ మూకుమ్మడిగా స్వాధీనం చేసుకొనే అధికారం తెచ్చుకొన్నది. రాబర్ట్ వయా అనే భూయజమాని దీనిని సవాలు చేసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1935లో ఓడిపోయాడు. ఆ ఏడాది డిసెంబరు 26న ఉద్యానవనం ఏర్పడింది. మొత్తం మీద అయిదు వందల కుటుంబాల దాకా కొండ దిగిపోయాయి. కొద్దిమంది వృద్ధులను మాత్రం బ్రతికినన్నాళ్ళు ఉండనిచ్చారు. వారిలో చివరి మహిళ 1979లో కన్నుమూసింది.

వారిని పంపించటానికి ఒక వాదం కూడా అమర్చుకొన్నారు. 1933లో వచ్చిన 'హాలో ఫోక్' అనే పుస్తకం ఆ లోయలవారిని లోకం తెలియని అనాగరికులుగా చిత్రించింది. ఆరు దశాబ్దాల తరువాత ఆడ్రీ హార్నింగ్ అనే పురావస్తు పరిశోధకురాలు ఆ లోయలలోని పాత ఇళ్ళ జాగాలను పరిశీలించింది. పింగాణీ పాత్రలు, మందుసీసాలు, ఆటబొమ్మలు, పాటల రికార్డుల ముక్కలు బయటపడ్డాయి. మైదానంలోని ఏ సామాన్య కుటుంబం ఇంట్లోనైనా ఉండే వస్తువులే. బీదవారు కావచ్చును గాని లోకం తెలియనివారు కారు. పుస్తకంలోని అబద్ధాన్ని మట్టి బయటపెట్టింది.

నికల్సన్ లోయలో జార్జ్ కార్బిన్ అనే ఆయన 1910 ప్రాంతంలో తన చేతులతో కట్టుకొన్న దుంగల ఇల్లు ఒకటి మిగిలి ఉన్నది. 1938లో ఆయన దానిని విడిచి వెళ్ళాడు. తరువాత పొటోమాక్ అపలేచియన్ ట్రయిల్ క్లబ్బువారు దానిని బాగుచేసి, కాలినడకన వచ్చే యాత్రికులకు అద్దెకిచ్చారు. స్కైలైన్ డ్రైవ్ మీద కారు ఆపి మైలున్నర దూరం లోయలోకి దిగాలి. తిరుగు ప్రయాణంలో అదంతా ఎక్కాలన్నమాట. కరెంటు లేదు. కట్టెల పొయ్యి, ఊటనీళ్ళు, బయట మరుగుదొడ్డి. ఇవన్నీ లేకుండా ఒక రాత్రి గడపటం మనకు సరదా. ఒకప్పుడు అది ఒక కుటుంబపు నిత్యజీవితం.

మూడవది లూయిస్ మౌంటెన్. వర్జీనియాలో అప్పుడు వర్ణవివక్ష చట్టబద్ధం. ఉద్యానవనం కేంద్ర ప్రభుత్వానిదే అయినా స్థానిక ఆచారాన్ని పాటించాలని నిర్ణయించారు. స్కైలాండ్, బిగ్ మెడోస్ విడిదులు తెల్లవారికి. 1939-40లో 57వ మైలురాయి దాటిన చోట క్యాంప్‌గ్రౌండు, భోజనశాల, క్యాబిన్లు కట్టి నల్లవారికి కేటాయించారు. దారిలో బోర్డు మీద 'నీగ్రో ప్రాంతం' అని వ్రాశారు. 1939లోనే పినకిల్స్ అనే వనభోజనాల స్థలాన్ని మాత్రం ప్రయోగంగా అందరికీ తెరిచారు. 1945లో జాతీయ ఉద్యానవనాలలో వివక్ష కూడదని కేంద్రం నిబంధన ప్రకటించింది. అది ఈ కొండమీద పూర్తిగా అమలులోకి రావటానికి 1950 దాకా పట్టింది.

నా కాగితం మీద లేని ప్రశ్న ఇది. నన్ను రానిస్తారా? ఆ రోజులలో నల్ల కుటుంబం ప్రయాణం కట్టాలంటే అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది అదే. విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో 'గ్రీన్ బుక్' మొదలుపెట్టింది ఇందుకోసమే. ఏ ఊరిలో ఏ ఇంట బస దొరుకుతుందో, ఎక్కడ భోజనం పెడతారో తెలిపే చిన్న పుస్తకం. మూడు దశాబ్దాలపాటు అది వెలువడింది.

ఇది చదువుతూ అమెరికావారిని తిట్టుకోబోయి ఆగిపోయాను. మన సత్రాల సంగతి? 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకీ బస, నీటి వసతి, అంగళ్ళు గురించి ఎంత ఓపికగా వ్రాశారో చదివిన మిత్రులకు తెలుసు. ఆ వివరాలు ఎవరికి పనికివచ్చేవి? సత్రం గుమ్మం ఎక్కగలిగినవారికి. బ్రాహ్మణ సత్రమనీ, వైశ్య సత్రమనీ పేర్లు చదువుతూనే మనమంతా పెరిగాము. గుమ్మం బయట చెట్టుకింద పడుకొన్నవారి కోసం మన భాషలో ఒక 'గ్రీన్ బుక్' కూడా రాలేదు. ఎవరికి చోటు లేదో చెప్పటానికి మనకు బోర్డు కూడా అవసరం లేకపోయింది.

చివరకు మేము లూయిస్ మౌంటెన్‌లోనే క్యాబిన్ తీసుకొన్నాము. పెద్దవాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకొని కార్బిన్ ఇంటికి సామాన్లు మోసుకుపోవటం మావల్ల కాదు. పగటిపూట నేనొక్కడినే దిగి చూసి వచ్చాను. లూయిస్ మౌంటెన్‌లో కరెంటు, స్నానాలగది, వేన్నీళ్ళు ఉన్నాయి. వంటగది లేదు, బయట ఇనుప పొయ్యి ఉన్నది. పులిహోర కలుపుకొని వెళ్ళాము. రాత్రి మంట చుట్టూ కూర్చొన్నప్పుడు పక్క క్యాబిన్‌లో దిగిన నల్లజాతి ముసలి దంపతులు వచ్చి పలకరించారు. మా అమ్మ వారికి పులిహోర పెట్టింది. నాకు తెలిసిన చరిత్ర ఏదీ వారి దగ్గర ఎత్తలేదు. నాకన్నా వారికే బాగా తెలిసి ఉంటుంది.

మీరెవరైనా అటు వెళ్ళదలిస్తే, అక్టోబరు వారాంతాలకు నెలల ముందే గది చెప్పుకోండి. చలికాలంలో ఆ క్యాబిన్లు మూసేస్తారు. బిగ్ మెడోస్‌లోని పాత విడిదిలో కాసేపు ఆగి గోడలకు తాపడం చేసిన చెస్ట్‌నట్ చెక్కను తాకి చూడండి. ఒకప్పుడు ఆ కొండలనిండా ఉన్న చెట్టు అది. తెగులు వచ్చి గత శతాబ్దపు తొలి దశాబ్దాలలో దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. ఆ కొండను విడిచినవారిలో మనుషులతోపాటు అదీ ఒకటి.