చేరని ఉత్తరాలు

లోకం చిన్నదన్న భావం మొదట గణితంలో పుట్టలేదు. హంగరీ రచయిత ఫ్రిజెష్ కరింతి 1929లో రాసిన ఒక కథలో, ఎవరినైనా ఐదుగురు పరిచయస్తుల గొలుసుతో చేరుకోవచ్చని ఒక పాత్ర పందెం కాస్తుంది.

1960లలో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఇలాంటి గొలుసునే ఉత్తరాలతో పరీక్షించాడు. తెలిసినవారికివ్వాలి, వారు తమకు తెలిసినవారికివ్వాలి. 1969లో ట్రావర్స్‌తో కలిసి ప్రకటించిన లెక్కలో, 296 మందితో మొదలుపెడితే బోస్టన్‌లోని షేర్ల దళారీకి చేరినవి 64. మధ్యవర్తులు సగటున ఐదుగురు. ఆ ఐదే లోకమంతా ప్రచారమైంది. తక్కిన 232? కొన్ని మొదటి మనిషి దగ్గరే ఆగాయి, కొన్ని దారిలో. పైగా మొదలుపెట్టినవారిలో వందమందిని షేర్లున్నవారిలోంచే ఎంచుకున్నారు! షేర్లున్నవాడు షేర్ల దళారీని చేరుకోవడంలో వింతేముంది? చేరిన 64లో 16 ఒక్క బట్టల వ్యాపారి చేతిమీదుగానే వెళ్ళాయి. అంటే పరిచయాలు కూడా ఆస్తిలాగే కొందరి దగ్గర పోగుపడి ఉన్నాయన్నమాట.

1999లో బరబాసీ, ఆల్బర్ట్ ఇంటర్నెట్ పుటల్లో చూసిందీ ఇదే. కొత్త పుట, ఇప్పటికే లంకెలు ఎక్కువున్న పుటకే అంటుకుంటుంది. సూత్రం సరైనదే కావచ్చు. ఆ మొదటి లంకెలు ఎవరి పెట్టుబడితో వచ్చాయన్నది మాత్రం అందులో లేదు.

మిల్‌గ్రామ్ కాగితాలను 2002 నాటికి జూడిత్ క్లైన్‌ఫెల్డ్ తిరగేసింది. కాన్సస్‌లో జరిపిన మొదటి ప్రయత్నంలో 60 ఉత్తరాలు బయలుదేరితే, గమ్యం చేరినవి మూడు.