'వైద్యము' అను క్రియకు లండను ప్రభుసభ చెప్పిన యర్థము

ఆంగ్లభూమి నేలిన యెనిమిదవ హెన్రీరాజు 1518వ సంవత్సరమున లండను వైద్యపరిషత్తునకు శాసనపత్ర మొసఁగెను. 1523లోఁ బార్లమెంటు దానిని స్థిరపఱిచెను. లండనులోను, దానిచుట్టు నేడుమైళ్లలోను బరిషత్తు అనుమతి లేక వైద్యము చేయువాఁడు నెల కైదుపౌనులు దండుగ చెల్లింపవలయును. అందు సగము రాజునకు, సగము పరిషత్తునకు. దండుగలోఁ బాలుగల సంఘమే నేరమును విచారించుట న్యాయమా యని 1610లో బొన్‌హాము వ్యవహారమునఁ గోకు న్యాయాధిపతి యాక్షేపించెను గాని, శాసనము మాత్రము నిలిచియేయుండెను.

వైద్యుఁడు రోగిని జూచి మందుల పేళ్లు లాటినుభాషలో వ్రాసియిచ్చును. అపోతికరి వానిని నూఱి, కాచి, కలిపి యిచ్చును. ఇది విధి. అపోతికరులు తొలుత దినుసులమ్ము వర్తకులతోఁ గలిసియుండి, 1617లో మొదటి జేమ్సురాజు అనుమతిచే వేఱు సంఘమైరి. వైద్యులు కొలఁదిమంది, వారి దక్షిణయో హెచ్చు. 1665 నాఁటి మహామారిలో వైద్యులు పెక్కురు ఊరు విడిచిపోఁగా, అపోతికరులు పలువురు నిలిచి రోగులను జూచిరి. నాఁటినుండి బీదవాఁడు జ్వరము వచ్చినపుడు తిన్నగా మందులయంగడికే పోవు వాడుక బలపడెను. దీనికిఁ బ్రతిగాఁ బరిషత్తువారు 1698లో బీదలకు స్వల్పమూల్యమునకు మందు లిచ్చు శాలను దెఱచిరి. అపోతికరుల కది కంటిలోని నలుసయ్యెను. ఈ కలహమునే వస్తువుగాఁ గొని శామ్యూలు గార్తు 1699లో హాస్యకావ్యము నొకదానిని బ్రకటించెను.

ఇట్లుండఁగా విలియం రోజ్ అను నపోతికరి జాన్ సీల్ అను కసాయివానికి మందు లిచ్చి, యేఁబదిపౌనుల పట్టీ వ్రాసెను. రోగము నెమ్మదింపలేదు. సీలు పరిషత్తువారి శాలకుఁ బోయి నలువది షిల్లింగులలోపుననే స్వస్థుఁడయ్యెను. అనఁగా పట్టీలో నిరువదియైదవపాలైన లేదు. కడుపుమండి యతఁడు పరిషత్తుతో మొఱపెట్టెను. వ్యాజ్యెములోఁ బంచాయతుదారులు తేల్చిన సంగతు లివి: రోజ్ వైద్యుని చీటి లేకయే మందులు కల్పించి యిచ్చెను, మందుల వెలయేగాని యాలోచన చెప్పినందులకు దక్షిణ గ్రహింపలేదు. ఇది శాసనములోని 'వైద్యము చేయుట' యగునా కాదా యనునదే మిగిలిన ప్రశ్నము.

ప్రశ్నము ధర్మశాస్త్రముకంటె వ్యాకరణమునకే దగ్గఱ. వండుట యనఁగా నేమి? ఎసరు పెట్టుట, నీరు పోయుట, బియ్యము వేయుట, కట్టె లెగఁద్రోయుట - ఇవి యన్నియు 'పచతి' యను నొక్క క్రియలోనివే యని మహాభాష్యకారుఁడు చూపినాఁడు. అట్లే రోగమును గుర్తించుట, తగిన మందు నేఱుట, కొలఁది నిర్ణయించుట, ఇచ్చుట యనునవి వైద్యక్రియలోని భాగములు. అందు నూఱుటమాత్రమే చేసినవాఁడు వైద్యుఁడు కాఁడు, నిజమే, కాని యేఱినవాఁడో? దక్షిణ పుచ్చుకొనకుండుటచే క్రియ మాఱదు. రాణిగారి న్యాయస్థానము పరిషత్తుపక్షముననే తీర్పు చెప్పెను. శబ్దమునుబట్టి చూచిన నది తప్పు తీర్పు కాదు.

రోజ్ పక్షమువారు ప్రభుసభ కెక్కిరి. ఈ యర్థమే నిలిచినయెడల బీదలకు దిక్కుండదనియు, నడురేయి నాపద వచ్చిన నొక్క గ్రుక్కెడు మందైన నిచ్చువాఁడు దొరకఁడనియు వారు వాదించిరి. 1704 మార్చిలోఁ బ్రభుసభ క్రిందితీర్పును గొట్టివేసెను. రూఢి యోగమును జయించినది.

జయము వింతయైనది. అపోతికరి యాలోచన చెప్పవచ్చును గాని దానికి వెల లేదు, మందునకే వెల. కావున సీసాలు, మాత్రలు పెరిగినవి. బీదలకెల్ల అపోతికరియే వైద్యుఁడనియు, ఏటికి ముప్పది నలువది పౌనుల సరకు మూఁడునాలుగువందల కమ్మినను అందు హెచ్చుభాగము లాభము కాదు, కూలియే యనియు ఆడం స్మిత్తు 1776లో సమర్థించెను. సమర్థన సరియైనదే, కాని యక్కఱలేని మందు త్రాగిన రోగి మాట యందు లేదు.

1815 శాసనముచే నపోతికరికిఁ బరీక్షయు, నైదేండ్ల శిష్యత్వమును విధింపఁబడెను. 1858లో నందఱు నొక్క పట్టికలోనికి వచ్చిరి. వెలుపలివాఁడు లోపలివాఁడయ్యెను, మందులంగడివాఁడును, ఉపచారికయును వెలుపల మిగిలిరి. ఉపచారికలకు 1992 శాసనము ద్రోవ చూపఁగా, 2006నాఁటికి వారికిని, ఔషధశాస్త్రవేత్తలకును మందులలో దాదాపు నన్నిటిని స్వతంత్రముగా వ్రాయు నధికారము లభించెను.

ఆ యపోతికరి పేరే మద్రాసునకును వచ్చినది. ఒక వైద్యపద్ధతిలోని మందులను వ్రాయు హక్కు ఆ పద్ధతిలో వైద్యముచేయు హక్కు ననుసరించియే యుండునని 1998లో భారతదేశపు సుప్రీముకోర్టు నిర్ణయించెను. 2019నాఁటి జాతీయవైద్యసంఘ శాసనము మాత్రము సాముదాయికారోగ్యసేవకు లనువారికిఁ బరిమితమైన యనుజ్ఞాపత్రమున కెడమిచ్చినది. ప్రాథమికచికిత్సలోను, రోగనివారణలోను నిర్దిష్టమైన మందులను వారు స్వయముగా వ్రాయవచ్చును. తక్కినచోట్ల వైద్యుని పర్యవేక్షణముననే వ్రాయవలయును.