ఆలకించుట అను పాత మాట



క్రిస్మసు దినములలో మన సంఘములు సంతోషముతో పాడు కీర్తనలలో "దూత పాట పాడుడి" అనునది ఒకటి. దీనికి మూలమైన ఆంగ్ల కీర్తనను చార్లెస్ వెస్లీ వ్రాయగా అది 1739లో అచ్చయ్యెను. 1753లో జార్జి విట్‌ఫీల్డ్ దాని మొదటి పంక్తిని చాలవరకు మార్చెను. గూటెన్‌బర్గు అచ్చు విద్యను స్మరించుటకై జర్మనీలోని లైప్‌జిగ్ పట్టణమున 1840లో జరిగిన ఉత్సవమునకు మెండెల్సన్ కూర్చిన రాగమును, 1855లో విలియం కమింగ్స్ అను ఆయన ఈ కీర్తనకు జతపరచెను. పంక్తి మారినను, రాగము మారినను, ఆ కీర్తనలోని మొట్టమొదటి మాట మాత్రము మారలేదు. ఆ మాట "హార్క్". "ఆలకించుడి" అని దాని భావము.

తెలుగులో మనము "పాడుడి" అని మొదలుపెట్టుచున్నాము. అందులో తప్పేమియు లేదు. అయినను మూలములో పాడుటకంటె ముందు ఆలకించుట ఉన్నదని తెలిసికొనుట మనకు మేలు. ఎందుకనగా ఈ హార్క్ అను మాటకు "హార్కెన్" అను పెద్దక్క యున్నది. దాని చరిత్ర దేవుని వాక్యముతో గట్టిగా ముడిపడి యున్నది.

హార్కెన్ వెయ్యి సంవత్సరములకు పైబడిన మాట. ఆంగ్లములో వినుట అనుటకు "హియర్" అను సామాన్యమైన మాట యున్నది. శబ్దము చెవిని పడినచో చాలును, అది హియర్. మన ప్రయత్నము లేకయే అది జరుగును. హార్కెన్ అట్టిది కాదు. చేతిలోని పని ఆపి, చెప్పువాని వైపు తిరిగి, చెప్పినది మనస్సున పెట్టుకొని, దాని ప్రకారము నడచుకొనువాడే హార్కెన్ చేసినవాడు.

1604లో హాంప్టన్ కోర్టు అనుచోట కూడిన సభలో జేమ్సు రాజు క్రొత్త ఆంగ్ల అనువాదమునకు సమ్మతించెను. పండితులు శ్రమపడి చేసిన ఆ గ్రంథము 1611లో వెలువడెను. అందులో హార్కెన్ అను మాట మరల మరల కనబడును. పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో "షామా" అను క్రియ యున్నది. చెవితో వినుట, లోబడుట, ఈ రెండును ఆ ఒక్క మాటలోనే ఇమిడియున్నవి. ఆ పండితులు సందర్భమునుబట్టి దానిని ఒకచోట హియర్ అనియు, మరియొకచోట లోబడుట అనియు, ఇంకొకచోట హార్కెన్ అనియు వ్రాసిరి. వినుటకును లోబడుటకును నడుమ వంతెన వంటిది ఈ మాట.

నిర్గమకాండములో ఫరో సంగతి చూడుడి. మోషే అహరోనులు చెప్పినది అతని చెవిని పడలేదా? పడినది. ప్రతి మాటకును అతడు బదులు చెప్పెను. అయినను అతడు హార్కెన్ చేయలేదని 1611 నాటి గ్రంథము చెప్పుచున్నది. అతనిది చెవిటితనము కాదు, హృదయ కాఠిన్యము.

సౌలు రాజు సంగతి ఇంకను విచారకరమైనది. అమాలేకీయులదైన దేనిని మిగుల్చకూడదని ఆజ్ఞ పొందియు, అతడు వారి రాజైన అగగును, మందలలో మంచివాటిని మిగిల్చెను. ఆజ్ఞ నెరవేర్చితినని సమూయేలుతో చెప్పుచుండగా గొఱ్ఱెల అరుపులు ప్రవక్త చెవిని పడెను. అవి బలి అర్పించుటకై తెచ్చినవని సౌలు సాకు చెప్పెను. అప్పుడు సమూయేలు, దేవునికి బలులకంటె లోబడుటయే ఇష్టమనియు, పొట్టేళ్ల క్రొవ్వుకంటె ఆయన మాట చెవిని పెట్టుటయే మేలనియు గద్దించెను. ఆంగ్లములో అచ్చట నున్న మాట హార్కెన్. చెప్పినది ఎవరు? బాల్యమున షిలోహులో రాత్రివేళ ప్రభువు పిలిచినప్పుడు, ఏలీ నేర్పినట్లు "నీ దాసుడు వినుచున్నాడు" అను భావముతో జవాబిచ్చిన సమూయేలే. చిన్ననాట నేర్చుకొన్న పాఠమునే ముసలితనమున రాజునకు చెప్పెను.

క్రొత్త నిబంధనలో ఈ మాట ఒక చిన్నదాని విషయమై వాడబడినది. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో పేతురు చెరసాలనుండి విడిపింపబడి మార్కు తల్లియైన మరియ ఇంటికి వచ్చి తలుపు తట్టెను. రొదే అను చిన్నది "హార్కెన్" చేయుటకు వచ్చెనని 1611 నాటి ఆంగ్ల గ్రంథము చెప్పుచున్నది. మన తెలుగు గ్రంథములోను అచ్చట ఆలకించుట అను మాటయే యున్నది. గ్రీకులో ఈ చోట నున్న క్రియకు తట్టినవారికి తలుపునొద్ద జవాబిచ్చుట అని అర్థము. పిల్లలు తలిదండ్రులకు లోబడవలెనని పౌలు ఎఫెసీయులకు వ్రాసిన చోటను, గాలియు సముద్రమును ప్రభువునకు లోబడిన చోటను ఉన్నది ఈ క్రియయే. లోబడుట యనగా తలుపునొద్దకు పోయి జవాబిచ్చుట అన్నమాట.

రొదే ఏమి చేసెను? పేతురు స్వరమును గుర్తుపట్టెను. మిక్కిలి సంతోషించెను. ఆ సంతోషములో తలుపు తీయకయే లోపలికి పరుగెత్తెను! పేతురు బయటనే నిలిచి తట్టుచుండెను. ఆ చిన్నదానిని చూచి మనము నవ్వుకొనవచ్చును. కాని ఆదివారమున మన సంగతి ఏమి? వాక్యము వింటిమి, స్వరము గుర్తుపట్టితిమి, కన్నీరు కార్చితిమి, "మంచి ప్రసంగము" అని చెప్పుకొనుచు ఇంటికి పోతిమి. తలుపు తీసితిమా? పొరుగువానితో గట్టు తగాదా తీరినదా? ఎగవేసిన కూలి డబ్బు ఇచ్చితిమా? సంతోషము మంచిదే గాని తీయని తలుపునకు అది బదులు కాదు.

లోపలనున్న పెద్దలను కూడ మరువరాదు. వారు పేతురు కొరకే ప్రార్థించుచుండిరి. ప్రార్థనకు జవాబు వచ్చినదని పనిపిల్ల చెప్పగా, నీకు వెఱ్ఱి పట్టినదనిరి. చెప్పినది చిన్నది గనుక వారు ఆలకింపలేదేమో! కాపరులకును సంఘ పెద్దలకును ఇది హెచ్చరిక. గిబియోనులో దేవుడు ఏమి కావలెనని అడుగగా, సొలొమోను వివేకముగల హృదయమును కోరెను. హెబ్రీ భాషలో అది "వినెడి హృదయము". అతని కుమారుడైన రెహబాము ఆ హృదయమును అడుగలేదు. కాడి బరువైనది, తేలిక చేయుమని ప్రజలు మొరపెట్టగా అతడు హార్కెన్ చేయలేదని రాజుల గ్రంథము చెప్పుచున్నది. రాజ్యము రెండు ముక్కలయ్యెను. తండ్రి కట్టినది కుమారుని చెవి మూసికొనుటచేత విరిగెను. ప్రసంగపీఠము ఎక్కి మాటలాడు మనము దిగివచ్చి, వెనుక వరుసలోని విధవరాలి మాట ఆలకించుచున్నామా?

ఈ మాట దేవుని గూర్చియు వాడబడినది. యెహోవాయందు భయభక్తులు గలవారు ఒకరితో ఒకరు మాటలాడుకొనగా ఆయన హార్కెన్ చేసి వినెనని మలాకీ వ్రాసెను. మన తెలుగు గ్రంథములో ఆ చోట చెవియొగ్గుట, ఆలకించుట అను రెండు మాటలును ఉన్నవి. సభలో చేసిన గొప్ప ప్రసంగము కాదు, అరుగుమీద ఇద్దరు విశ్వాసులు చెప్పుకొనిన మాట! దానికి సర్వశక్తుడు చెవియొగ్గెను. దానియేలు కూడ, ప్రభువా ఆలకించి కార్యము చేయుమని వేడుకొనెను. దేవుని ఆలకింపు ఎన్నడును వట్టి వినికిడి కాదు, దాని వెంట కార్యము నడచును.

కాలక్రమమున ఆంగ్లములో హార్కెన్ పాతబడినది. 1952 నాటి సవరించిన అనువాదము సమూయేలు మాటలో దానిని నిలిపినది గాని, 1978లోను 1989లోను వచ్చిన అనువాదములు దాని స్థానమున లక్ష్యపెట్టుట అను అర్థముగల వేరొక మాటను పెట్టినవి. ఇప్పుడు ఆ మాట ఎక్కువగా పాత కీర్తనలలోను, పూర్వకాలపు వాసన కొరకు వ్రాసిన వ్రాతలలోను కనబడును. పాత ఆభరణము పెట్టెలో నున్నట్లున్నది.

మాటలు పాతబడుట సహజము. దానికొరకు దుఃఖింప నక్కరలేదు. మాటతోకూడ ఆ పని పోయినచో అది నష్టము. మన తెలుగు తల్లి ఈ విషయములో మనకు మేలు చేసినది. "ఆ పిల్లవాడు మాట వినడు" అని తల్లి చెప్పినప్పుడు వానికి చెవుడని ఎవరును తలంచరు. "ఈ ఎద్దు మాట వినును" అని రైతు చెప్పినప్పుడు దాని నడకను గూర్చియే చెప్పుచున్నాడు. హెబ్రీయులు షామా అను ఒక్క మాటలో పెట్టినదానిని మనము ఇంటిలోను పొలములోను ప్రతిదినము పలుకుచున్నాము. చదువు రానివారికి కూడ ఈ అర్థము తెలియును. గనుక తెలియదని తప్పించుకొనుటకు మనకు వీలులేదు.

ప్రభువు తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాడని ప్రకటన గ్రంథము చెప్పుచున్నది. తన స్వరము విని తలుపు తీసినవారితో భోజనము చేయుదునని ఆయన వాగ్దానము చేసెను. స్వరము వినుట ఒకటి, తలుపు తీయుట ఒకటి. ఈ రెండును కలిసినప్పుడే ఆలకించుట పూర్తియగును. అట్టి చెవిని, అట్టి చేతిని ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.